అవ్వ నడకకు ఎన్ని సెకన్లు?

శ్రీకాళహస్తి గుడిలో రాహుకేతు పూజలు జట్టు తర్వాత జట్టుగా జరుగుతాయి. ఒక జట్టు పూజ ముగించుకుని లేస్తుంటే ఇంకో జట్టు టికెట్లు చేతిలో పట్టుకుని కాచుకుని ఉంటుంది. పూజ చేయించుకున్నవాళ్లు మరే గుడికీ పోకుండా నేరుగా ఇంటికి పోవాలన్నది ఆనవాయితీ. కాబట్టి బయటికొచ్చినవాళ్లు ఊళ్లో తిరుగుతూ పలచబడిపోరు. బస్టాండుకో, ఆటోల దగ్గరికో, కారు ఆపుకున్న చోటికో అందరూ ఒక్కసారే కదులుతారు. ఆదివారం, మంగళవారం రాహుకాలం వేళల్లో ఈ కదలిక మరీ ఎక్కువ. రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూస్తే మనుషులు అలలుగా వస్తున్నారని తెలిసిపోతుంది. కాసేపు రోడ్డు దాటేవాళ్లు పెద్దగా ఉండరు. అంతలోనే ఒక గుంపు.

ఈ గుంపును క్షేమంగా రోడ్డు దాటించడం ఒక లెక్క. ఆ లెక్క కట్టడానికి కావలసిన శాస్త్రం అరవై ఏళ్లకు పైగా మన చేతిలో ఉంది. తిరుపతికి సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున, నాయుడుపేటకు పోయే దారిలో ఉన్న ఊరు ఇది. ఆర్టీసీ బస్సులు, లారీలు, తమిళనాడు నుంచి వచ్చే టూరిస్టు వ్యాన్లు, షేర్ ఆటోలు, లెక్కలేనన్ని బైకులు. వాటి మధ్య నుంచే ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు, కొత్తగా పెళ్లయిన జంటలు, తెలుగు రాని యాత్రికులు. గుడి చుట్టూ ఉన్న వీధులు రథం తిరగడానికి, మనుషులు నడవడానికి వేసినవి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడ గాలిగోపురం కట్టించిన నాటికి రోడ్డు దాటడం అనేది ఒక సమస్యే కాదు.

ఇటువంటి ఊళ్లో సిగ్నల్ పెట్టేటప్పుడు ముందుగా మనుషులను లెక్కపెట్టాలని, వాళ్లలోనూ అందరికంటే నిదానంగా నడిచే మనిషిని కొలతగా తీసుకోవాలని నా నమ్మకం. అట్లా చేస్తే బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయని చాలామంది భయపడతారు. లెక్క వేసి చూస్తే ఆ భయంలో చాలా భాగం కరిగిపోతుంది.

ప్రపంచంలో మొట్టమొదటి ట్రాఫిక్ సిగ్నల్ 1868 డిసెంబరులో లండన్‌లో, పార్లమెంటు భవనం ముందు పెట్టారు. జె.పి.నైట్ అనే రైల్వే సిగ్నల్ ఇంజనీరు రైలు సిగ్నళ్ల పద్ధతిలోనే పైకి లేచి కిందికి వాలే చేతులు, రాత్రిపూట గ్యాసుతో వెలిగే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు అమర్చాడు. అప్పటికి కార్లు రోడ్డెక్కలేదు. గుర్రపు బండ్ల రద్దీలో నడిచేవాళ్లు రోడ్డు దాటడం కోసమే దాన్ని పెట్టారు. నెల తిరిగేసరికి, 1869 జనవరిలో, గ్యాసు లీకై పేలి దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. తర్వాత దాన్ని తీసేశారు. కరెంటుతో వెలిగే సిగ్నల్ 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వచ్చింది. అప్పటికి వీధులు కార్లతో నిండుతున్నాయి. ఆ తర్వాత పుట్టిన లెక్కలన్నీ బండ్ల చుట్టూనే అల్లుకున్నాయి.

మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. రకరకాల బండ్లను ఒకే కొలతలోకి తెచ్చుకోవడానికి పీసీయూ, అంటే ప్యాసింజర్ కార్ యూనిట్, అనే లెక్క వాడతారు. నగరాల రోడ్ల కోసం 1990లో ఇచ్చిన ఐఆర్‌సీ 106 ప్రకారం కారు 1. బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు లేదా లారీ 2.2 నుంచి 3.7. రద్దీలో ఆ రకం బండ్ల వాటా ఎంత ఉందన్న దాన్ని బట్టి ఈ విలువలు మారతాయి. చేత్తో తోసుకుపోయే బండికీ ఇందులో విలువ ఉంది. నడిచే మనిషికి లేదు. బస్సులో 50 మంది ఉన్నా, డ్రైవరు ఒక్కడే ఉన్నా విలువ మారదు. రోడ్డు మీద ఏ బండి ఎంత చోటు పట్టుకుంటుందో చెప్పడానికి పీసీయూ మంచి కొలతే, అందులో తప్పేమీ లేదు. అదే కొలతతో సమయాన్ని కూడా పంచినప్పుడే అన్యాయం మొదలవుతుంది. సిగ్నల్ పంచేది చోటును కాదు, సెకన్లను. ఆ సెకన్లు మనుషులవి.

ఇక సెకన్లను ఎట్లా పంచుతారో చూద్దాం. వీధి కొళాయి దగ్గర రెండు వరసలు ఉన్నాయనుకోండి. బిందె మార్చిన ప్రతిసారీ కొన్ని నీళ్లు నేలపాలవుతాయి. చిన్న చెంబులతో పట్టుకుంటే మార్పులు ఎక్కువ, వృథా కూడా ఎక్కువ. పెద్ద పీపా పెడితే వృథా తగ్గుతుంది కానీ రెండో వరసలోవాళ్లు పీపా నిండేదాకా నిలబడాలి. సిగ్నల్ కూడా ఇంతే. గ్రీన్ పడ్డాక ముందున్న బండి కదలడానికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. గ్రీన్ పోయాక పసుపు, ఆ తర్వాత అన్నివైపులా రెడ్ ఉండే సెకన్లు ఎవరికీ పనికిరావు. కాబట్టి అన్నివైపులా గ్రీన్ పడి మళ్లీ మొదటికి వచ్చే ఒక చుట్టు మరీ చిన్నదైతే వృథా పెరుగుతుంది, మరీ పెద్దదైతే నిరీక్షణ పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య అన్నిటికంటే తక్కువ ఆలస్యం ఎక్కడ వస్తుందో 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధన ప్రయోగశాలకు చెందిన ఎఫ్.వి.వెబ్‌స్టర్ లెక్కగట్టాడు. ఆయన సూత్రాన్ని ఇప్పటికీ ఇంజనీరింగ్ కాలేజీల్లో చెబుతున్నారు, మన ప్రమాణాల్లోనూ అదే ఉంది.

సూత్రం చెప్పుకోవడానికి సులువే. చుట్టులో వృథా అయ్యే మొత్తం సెకన్లను ఒకటిన్నరతో హెచ్చించి 5 కలపాలి. కూడలి సామర్థ్యంలో బండ్లు వాడుకోకుండా మిగిలిన భాగంతో దాన్ని భాగించాలి. ఒక కూడలిని ఊహించుకుందాం. పెద్ద రోడ్డు మీద వచ్చే బండ్లు ఆ రోడ్డు పూర్తి సామర్థ్యంలో 35 శాతం, అడ్డరోడ్డు మీద వచ్చేవి 25 శాతం. రెండూ కలిపి 60 శాతం, మిగిలింది 0.4. రెండు మార్పులకు కలిపి 10 సెకన్లు వృథా. పదిని ఒకటిన్నరతో హెచ్చిస్తే 15, దానికి 5 కలిపితే 20, దాన్ని 0.4తో భాగిస్తే 50. చుట్టు 50 సెకన్లు చాలు.

ఇందులో నడిచేవాళ్లు ఎక్కడున్నారు? లేరు. వాళ్లను తీసుకురావడానికి మొదట తోచే పద్ధతి ఏమిటంటే, అన్నివైపులా బండ్లను ఆపేసి 20 సెకన్లు నడిచేవాళ్లకే ఇవ్వడం. ఆ 20 సెకన్లూ బండ్ల లెక్కలో వృథా కిందే పడతాయి కాబట్టి వృథా 30కి పెరుగుతుంది. సూత్రంలో వేస్తే చుట్టు 125 సెకన్లు అవుతుంది. 20 సెకన్లు కలిపితే చుట్టు 70 కాలేదని గమనించండి, 125 అయింది. బండ్లవాళ్ల కోపం ఇక్కడే పుడుతుంది. ఆ కోపానికి లెక్కలో ఆధారం ఉంది.

దీనివల్ల నడిచేవాళ్లయినా సుఖపడ్డారా అంటే అదీ లేదు. రోడ్డు వెడల్పు 14 మీటర్లు అనుకుందాం, దాటేది నిదానంగా నడిచే పెద్దావిడ. సెకనుకు 0.8 మీటరు చొప్పున ఆమెకు 17.5 సెకన్లు పడుతుంది. అంటే 20 సెకన్లలో మొదటి రెండున్నర సెకన్లలోనే ఆమె అడుగు కిందికి పెట్టాలి, లేదంటే తర్వాతి చుట్టు దాకా ఆగాలి. ఏ క్షణాన వచ్చినా ఆమె సగటున ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క ఒకటుంది. చుట్టులోంచి ఆమె బయల్దేరగలిగిన సెకన్లను తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, చుట్టుకు రెట్టింపుతో భాగించాలి. ఇక్కడ అది దాదాపు 60 సెకన్లు. మే నెలలో, నలభై డిగ్రీల ఎండలో, గుడి నుంచి చెప్పుల్లేకుండా వచ్చినవాళ్లకు తారు రోడ్డు పక్కన ఒక్క నిమిషం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

రెండో పద్ధతి ఉంది. అడ్డరోడ్డుకు గ్రీన్ ఉన్నప్పుడు పెద్ద రోడ్డు మీది బండ్లు ఎలాగూ ఆగి ఉంటాయి. ఆ సమయంలోనే పెద్ద రోడ్డును దాటనివ్వాలి. ఇందులో ఒక చిక్కుంది. అడ్డరోడ్డు నుంచి మలుపు తిరిగే బండ్లు సరిగ్గా ఆ జీబ్రా మీదికే వస్తాయి. దీనికి విరుగుడుగా నడిచేవాళ్లకు బండ్లకంటే కొన్ని సెకన్లు ముందే గ్రీన్ ఇస్తారు. మూడు నుంచి ఏడు సెకన్లు. న్యూయార్క్‌లో ఇప్పుడు వేల కూడళ్లలో ఈ ఏర్పాటు ఉంది. ఆ కొద్ది సెకన్లలో మనిషి రోడ్డు మధ్యకు చేరి, తిరిగే బండి డ్రైవరు కళ్లకు ఎదురుగా ఉంటాడు. డ్రైవరు చూడకుండా ఉండటం కష్టం. మన ఊహా కూడలిలో ఒక్కో మార్పుకు 5 సెకన్ల ముందడుగు ఇస్తే వృథా 20, చుట్టు దాదాపు 87. అడ్డరోడ్డు గ్రీన్ 28 సెకన్లు, దానికి ముందు 5, మొత్తం 33. పెద్దావిడకు కావలసిన 17.5 పోగా ఆమె బయల్దేరడానికి 15 సెకన్లకు పైగా వెసులుబాటు ఉంటుంది. సగటు నిరీక్షణ 30 సెకన్లు. అంటే సగానికి సగం తగ్గింది. బండ్లకు కూడా 125 సెకన్ల చుట్టు తప్పింది.

వెబ్‌స్టర్ పరిశోధనలో ఇంకో మంచి మాట ఉంది. ఆయన చెప్పిన చుట్టు కంటే పావువంతు తగ్గించినా, సగం పెంచినా బండ్ల సగటు ఆలస్యం 10 నుంచి 20 శాతానికి మించి పెరగదు. చుట్టు పొడవుతో ఆలస్యం ఎట్లా మారుతుందో గీత గీస్తే దాని అడుగుభాగం బల్లపరుపుగా ఉంటుంది. అందులో నడిచేవాళ్ల కోసం జరుపుకోవడానికి బోలెడంత చోటుంది. అయినా పెద్ద నగరాల్లో సిగ్నల్ చుట్టును రెండు నిమిషాలు, రెండున్నర నిమిషాలు దాకా సాగదీయడం మామూలైపోయింది. పొడవు చుట్టు బండ్లను ఎక్కువ దాటిస్తున్నట్టు కంటికి కనిపిస్తుంది, కానీ అడ్డరోడ్డులో క్యూ, జీబ్రా దగ్గర గుంపు రెండూ పెరుగుతాయి. అమెరికా వాళ్ల హైవే కెపాసిటీ మాన్యువల్ నిరీక్షణ 30 సెకన్లు దాటితే నడిచేవాళ్లు సిగ్నల్‌ను లెక్కచేయడం మానేస్తారని చెబుతుంది. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని తిట్టేముందు ఆ చుట్టు ఎన్ని సెకన్లు పెట్టారో గడియారం పెట్టి చూడటం న్యాయం.

ఇప్పుడు పెద్దావిడ నడకకు తీసుకున్న ఆ 0.8 మీటరు సంగతి. సిగ్నల్ లెక్కల్లో మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు అని తీసుకోవడం ఎన్నో ఏళ్లుగా వస్తోంది. అమెరికా 2009లో ఈ అంకెను సుమారు 1.07కు తగ్గించింది, ఎందుకంటే అక్కడ ముసలివాళ్ల సంఖ్య పెరిగింది. మరి గుడి ఊళ్ల సంగతి? ఇక్కడ రోడ్డు దాటే గుంపుకు ఒక తీరుంటుంది. అందరూ కలిసి దాటుతారు, అందరూ అవ్వ కోసం ఆగుతారు. గుడి నుంచి వచ్చే ఒక కుటుంబాన్ని చూశాను. మనవడు అవ్వ రెక్క పట్టుకుని ఉన్నాడు, రెండో చేతిలో ప్రసాదం సంచి. వాళ్ల వెనక కోడలు, చంటిబిడ్డ.

“నిలబడవ్వా, ఆ బస్సు పోనీ.”

“యెంతసేపని నిలబడేది నాయనా? పోయేకొద్దీ ఇంకోటి వస్తానే ఉండాది.”

ఆమె చెప్పింది గణితశాస్త్రం ఒప్పుకునే మాట. ఒకవైపు రోడ్డు 7 మీటర్లు ఉంటే మామూలు మనిషి దాటడానికి, ముందు వెనక చూసుకునే సమయంతో కలిపి, 8 సెకన్ల ఖాళీ కావాలి. గంటకు 1000 బండ్లు ఎవరి దారిన వాళ్లు విడివిడిగా వస్తుంటే సగటున 3.6 సెకన్లకొక బండి. అప్పుడు బండికీ బండికీ మధ్య వచ్చే ఖాళీల్లో 8 సెకన్లు దాటేది దాదాపు తొమ్మిదింటిలో ఒకటి. బండ్లు 1800 అయితే దాదాపు 55లో ఒకటి. రద్దీ రెట్టింపు కూడా కాలేదు, దాటే అవకాశం ఆరోవంతుకు పడిపోయింది. అవ్వకు 8 సెకన్లు చాలవు, ఆమెకు దొరికే ఖాళీ ఇంకా అరుదు.

ఖాళీ దొరకనప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు. చెయ్యి అడ్డంగా ఎత్తి, ఒక్కో వరసనూ దాటుకుంటూ, మధ్యలో ఆగి, పక్కకు జరిగి, మళ్లీ అడుగేస్తారు. హైదరాబాద్ రోడ్ల మీద వీడియోలు తీసి ఐఐటీ బాంబే పరిశోధకులు ఈ నడకను అధ్యయనం చేశారు. ఒకే పెద్ద ఖాళీ కోసం ఆగకుండా చిన్న చిన్న ఖాళీలను కలుపుకుంటూ దాటే ఈ తీరు మిశ్రమ రద్దీలో ముఖ్యమైన లక్షణమని తేల్చారు. పాదం చురుగ్గా ఉన్న మనిషి ఇట్లా నెగ్గుకొస్తాడు. అవ్వ నెగ్గుకురాలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వాళ్లలో 32,825 మంది నడిచేవాళ్లు. ఢీకొన్న బండి వేగం గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి పెరిగితే దాని గతిశక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ఆ శక్తినంతా ఇముడ్చుకోవలసింది మనిషి ఒళ్లే.

ఎక్కడ దాటేందుకు ఏర్పాటు చేయాలో తేల్చడానికి ఐఆర్‌సీ 103లో ఒక సూత్రం ఉంది. గంటకు దాటే మనుషుల సంఖ్యను, బండ్ల సంఖ్య వర్గంతో హెచ్చించాలి. రద్దీగా ఉండే నాలుగు గంటల సగటు తీసుకోవాలి. డివైడర్ లేని రోడ్డు మీద ఆ లబ్ధం 10 కోట్లు దాటితే, డివైడర్ ఉన్న రోడ్డు మీద 20 కోట్లు దాటితే అక్కడ ఏర్పాటు అవసరమన్నమాట. గంటకు 1000 బండ్లు పోయే డివైడర్ రోడ్డు మీద 200 మంది దాటితే సరిపోతుంది. మొదటి తనిఖీకి ఇది పనికొస్తుంది, కాదనను. కానీ దీనిలో పెద్ద లోపముంది. దాటినవాళ్లనే ఇది లెక్కిస్తుంది. భయపడి దాటకుండా వెనక్కి పోయినవాళ్లు, అవతలి పక్కకు పోవడానికే ఆటో ఎక్కినవాళ్లు, ఒంటరిగా బయటికి రావడమే మానేసిన ముసలివాళ్లు లెక్కలోకి రారు. రోడ్డు ఎంత ప్రమాదకరమైతే దాటేవాళ్లు అంత తగ్గుతారు, సూత్రం ప్రకారం ఏర్పాటు అవసరమూ అంత తగ్గుతుంది.

గుంపు విషయానికి వద్దాం. జట్టు పూజ ముగిసి 50 మంది ఒకేసారి జీబ్రా దగ్గరికి వచ్చారనుకుందాం. హైవే కెపాసిటీ మాన్యువల్ ఇచ్చిన లెక్క ప్రకారం వాళ్లకు కావలసిన సమయంలో మూడు భాగాలుంటాయి. కదలడానికి 3.2 సెకన్లు. రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగిస్తే వచ్చేది రెండోది. గుంపులో వెనకున్నవాళ్లు జీబ్రా మీదికి దిగడానికి పట్టేది మూడోది. జీబ్రా 3 మీటర్ల వెడల్పుంటే ఆ మూడో భాగం 50 మందికి 13.5 సెకన్లు. జీబ్రాను 5 మీటర్లకు పెంచితే 8 సెకన్లు. అంటే ఇంకో రెండు మీటర్ల మేర తెల్లరంగు పూసి, అటూ ఇటూ ఫుట్‌పాత్‌ను ఆ మేరకు వాలుగా దించితే ప్రతి చుట్టులో ఐదు సెకన్లకు పైగా మిగులుతాయి. ఆ సెకన్లను బండ్లకే ఇచ్చుకోవచ్చు. ఒక సిగ్నల్ కూడలిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇద్దరికీ మేలు చేసే పని ఇంకోటి నాకు కనిపించలేదు. అయినా మన ఊళ్లలో జీబ్రాలు సన్నగానే గీస్తారు. అదీ చెరిగిపోయాక మళ్లీ పూయడం మర్చిపోతారు.

రోడ్డు మధ్య డివైడర్‌ను నిలబడే చోటుగా వెడల్పు చేయడం కూడా అటువంటిదే. 14 మీటర్లను రెండు ఏడులుగా విడగొడితే అవ్వకు ఒక్కో భాగానికి 9 సెకన్లు చాలు. గ్రీన్ అయిపోతుందన్న కంగారు ఉండదు. అక్కడ నాలుగు కుటుంబాలు సంచులతో నిలబడే చోటుండాలి, ఒక మనిషి పాదం మోపే చోటు సరిపోదు.

మలుపుల దగ్గర పని సిగ్నల్ కంటే ఫుట్‌పాత్ అంచు రాతిదే ఎక్కువ. మూల గుండ్రం 15 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటే బండి గంటకు దాదాపు 24 కిలోమీటర్లతో హాయిగా తిరిగిపోతుంది. 5 మీటర్లైతే 14కు దిగాల్సిందే. ఏ హెచ్చరిక బోర్డూ ఇంత ఖచ్చితంగా పనిచేయదు. ఫ్రీ లెఫ్ట్ అంటే అర్థం, ఎడమకు తిరిగే బండికి ఎప్పుడూ రెడ్ పడదని. ఆ దారికి అడ్డంగా నడిచే మనిషికి అక్కడ ఎప్పుడూ గ్రీన్ ఉండదు. 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అనే ట్రాఫిక్ డ్రైవ్ మొదలుపెట్టినప్పుడు స్టాప్‌లైన్ దాటి జీబ్రా మీదికి వస్తే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం నిలబడితే 1000 రూపాయలు జరిమానా అని ప్రకటించారు. నడిచేవాళ్లకు అడ్డంగా బండి ఆపితే 600. నడిచేవాళ్ల దారిని కూడా జరిమానాల్లో చేర్చడం మంచి మార్పే. కానీ వందకూ వెయ్యికీ ఉన్న దూరం ఎవరి సమయానికి ఎంత విలువ కడుతున్నామో చెబుతోంది.

ఆ నగరమే 2023లో ఇంకో మంచి పని చేసింది. నడిచేవాళ్లు బటన్ నొక్కితే బండ్లకు రెడ్ పడే పెలికాన్ సిగ్నళ్లను ట్యాంక్‌బండ్ దగ్గర, ఇంకా అనేక చోట్ల పెట్టింది. బ్రిటన్‌లో ఇవి 1969 నుంచి ఉన్నాయి. కూడళ్ల మధ్య, బస్టాపుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర ఇవే సరైన మందు. దాటేవాళ్లు లేనప్పుడు బండ్లు ఆగనక్కర్లేదు, ఉన్నప్పుడు ఆగుతాయి. అయితే బటన్ నొక్కిన తర్వాత దీపం ఎంతసేపట్లో మారుతుందన్న దాని మీదే దాని బతుకు ఆధారపడి ఉంటుంది. ఒక నిమిషం గడిచినా మారకపోతే అది చెడిపోయిందనుకుని జనం నడిచిపోతారు. వాళ్లు పోయాక రెడ్ పడి, ఎవరూ లేని జీబ్రా ముందు బండ్లు ఆగుతాయి. రెండుసార్లు అట్లా జరిగితే డ్రైవర్లకు కూడా నమ్మకం పోతుంది. బ్రిటన్ తర్వాతి తరం పఫిన్ సిగ్నళ్లలో దీనికి మందు కనిపెట్టారు. నొక్కినవాళ్లు వెళ్లిపోతే సెన్సర్ ఆ పిలుపును కొట్టేస్తుంది. జీబ్రా మీద ఇంకా మనుషులుంటే బండ్లకు రెడ్‌ను కొంచెం పొడిగిస్తుంది.

సింగపూర్ 2009లో మొదలుపెట్టిన పద్ధతి మన గుడి ఊళ్లకు ఇంకా దగ్గరిది. అక్కడ పెద్దవాళ్లు తమ రాయితీ కార్డును సిగ్నల్ స్తంభం మీది పెట్టెకు తాకిస్తే ఆకుపచ్చ బొమ్మ రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు ఎక్కువసేపు వెలుగుతుంది. అందరికీ అన్నివేళలా ఆ సెకన్లు ఇవ్వనక్కర్లేదు, కావలసినవాళ్లకు ఇస్తే చాలు. బండ్లకు నష్టం అతి తక్కువ. మన దగ్గర యాత్రికులకు కార్డులు ఉండవు కాబట్టి రెండో బటన్ ఒకటి, ఊతకర్ర పట్టుకున్న మనిషి బొమ్మతో, పెట్టుకోవచ్చు.

ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కట్టేస్తే సమస్య తీరిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. రోడ్డు మీద 5.5 మీటర్ల ఎత్తు వదలాలి, దాని మీద వంతెన మందం. అంటే ముప్పై ఐదు నలభై మెట్లెక్కి, మళ్లీ అన్ని దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి అది గోడ కట్టినట్టే. హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో బండ్లు పోయే చోట అది తప్పదేమో. ఊరి నడిమధ్య మాత్రం బండి ఒక నిమిషం ఆగడం కంటే మనిషి రెండంతస్తులు ఎక్కడమే మేలని నేను ఒప్పుకోలేను.

అన్నివైపులా ఆపేసే పద్ధతిని నేను పైన తక్కువ చేసినట్టు అనిపించవచ్చు. దానికీ చోటుంది. నడిచేవాళ్లు బండ్లకంటే ఎన్నో రెట్లు ఉన్నచోట, ఐమూలగా కూడా దాటాల్సినచోట అదే సరి. టోక్యోలోని షిబుయా కూడలి అట్లాగే నడుస్తోంది. గుడికి అతి దగ్గరి కూడలిలో, పూజల జట్లు బయటికొచ్చే వేళల్లో మాత్రమే దాన్ని వాడొచ్చు. ఈనాటి సిగ్నల్ కంట్రోలర్లలో రోజులోని వేళను బట్టి వేర్వేరు టైమింగులు పెట్టుకునే వీలు మామూలే. తిరువనంతపురం సీ-డాక్ తయారుచేసిన కోసికాస్ట్ లాంటి వ్యవస్థలు రద్దీని చూసి టైమింగును వాటంతట అవే మార్చుకుంటాయి కూడా. చిక్కేమిటంటే వీటిలో చాలావాటి కళ్లు బండ్ల మీదే ఉంటాయి. రోడ్డు కింద తీగలు, పైన కెమెరాలు బండ్ల క్యూను కొలుస్తాయి. ఫుట్‌పాత్ అంచున పెరుగుతున్న గుంపును కొలిచే కెమెరా కావాలని టెండరులో రాయాలి. రాయకపోతే ఎవరూ తెచ్చి పెట్టరు.

టైమర్ విషయంలో కూడా ఇదే లోటు. రెడ్ ఇంకా ఎన్ని సెకన్లుందో బండివాళ్లకు పెద్ద అంకెల్లో చూపిస్తాం. ఆ అంకె మూడుకు రాగానే బైకులు జీబ్రా మీదికి వచ్చేస్తాయి. దాటే మనిషికి ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో చూపే అంకె చాలాచోట్ల ఉండదు. దాటేవాళ్లకు చూపించడమే ఎక్కువ అవసరం. ఆకుపచ్చ బొమ్మ మినుకుమినుకుమంటే ‘కొత్తగా దిగొద్దు, దిగినవాళ్లు దాటేయండి’ అని అర్థం. అది ‘పరిగెత్తు’ అనుకునేవాళ్లే ఎక్కువ. చదువు రానివాళ్లకు, మన భాష రానివాళ్లకు అంకె, బొమ్మ, టిక్ టిక్ శబ్దం మూడూ కలిసి ఉంటే అర్థమవుతుంది. చూపులేనివాళ్లకు ఆ శబ్దమే సిగ్నల్.

సిగ్నల్ స్తంభం పాతడానికి ముందు నిలబడే చోటుండాలి. 2025 మేలో సుప్రీంకోర్టు, ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. పూలు, పూజా సామాన్లు, కలంకారీ బట్టలు అమ్మేవాళ్ల బతుకు కూడా ఆ ఫుట్‌పాత్ మీదే ఉంది. వాళ్లను వెళ్లగొట్టకుండా, జీబ్రాకు అటూ ఇటూ పది మీటర్లు మాత్రం ఖాళీగా ఉంచేట్టు చోటు గీసి ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. వేసవిలో మన రాష్ట్రంలో కొన్ని ఊళ్లలో సిగ్నళ్ల దగ్గర బైకులవాళ్ల కోసం పచ్చటి నీడ పరదాలు కడుతున్నారు, ఎంతో దయగల పని. అదే పరదాను ఇంకో నాలుగు గజాలు పొడిగించి జీబ్రా మొదట్లో నిలబడేవాళ్ల మీదికీ కట్టాలి.

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల లెక్క వేరు. అప్పుడు బండ్లను ఊరి బయటి నుంచే మళ్లిస్తారు. సిగ్నళ్లను పసుపు మినుకుకు మార్చి కూడళ్లను పోలీసుల చేతికి అప్పగించడమే మంచిది. అంత జనానికి ఏ టైమింగూ సరిపోదు. సిగ్నల్ లెక్క మిగతా రోజుల కోసం. దానికి కావలసిన కొలతలను ఊళ్లోని డిగ్రీ కాలేజీ పిల్లలు కూడా తీయగలరు. ఒక మామూలు బుధవారం, ఒక మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి 4.30 దాకా, ఒక ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 దాకా కూడలిలో నిలబడాలి. బండ్లతో పాటు వాటిలో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది నడిచి దాటుతున్నారో, ఎంతమంది దాటలేక ఆగి వెనక్కి తిరుగుతున్నారో రాసుకోవాలి. వంద మంది నడకను స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఆ వేగాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేర్చాలి. ఎనభై ఐదో మనిషి దగ్గర ఏ అంకె వస్తుందో దాన్నే ఆ కూడలికి నడక వేగంగా తీసుకుని, గ్రీన్ సెకన్లు అక్కడి నుంచి కట్టుకుంటూ రావాలి.